ఒక చుట్టు వెనకొచ్చే గొంతు

ఆదివారం పొద్దున్నే శేషయ్య సంత్రాగాఛిలో బస్సెక్కి, గంగ మీది పెద్ద వంతెన దాటి, కిదిర్‌పూర్ మలుపులో దిగి, అక్కణ్నుంచి వాట్‌గంజ్ దాకా నడిచేవాడు. రైల్వేలో సిగ్నళ్ల పని చేసినన్నాళ్లూ సెలవు దొరికిన ఆదివారమే వచ్చేవాడు. రిటైరయ్యాక ఒక్క ఆదివారమూ వదల్లేదు. దారిలో వేడి కచోరీలు కట్టించుకుని, ఓడలాగే డాకు గోడ పక్క సందులోకి తిరిగి, అప్పలలక్ష్మి ఇంటి ముందు చెప్పులు విడిచి, "లచ్చిమీ" అని ఒక్క పిలుపు పిలిచి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చునేవాడు. ఆమె వంటింట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడి పెదాలు కదిపేది. కొంగుతో చేతులు తుడుచుకునేది, కచోరీల పొట్లం అందుకుని లోపలికి తిరిగేది. అప్పుడు గుమ్మంలో ఆమె గొంతు వినబడేది, "వచ్చినావా మాస్టారూ, కూకో" అని.

అప్పలలక్ష్మి గొంతు పుట్టినప్పటి నుంచీ ఆలస్యమే. పెదాలు ముందు, మాట వెనక. పుట్టగానే ఏడుపు వినబడక మంత్రసాని కంగారుపడిందట. ఆ తర్వాత మరెవరూ కంగారుపడలేదు. ఒకరికి నత్తి ఉన్నట్టు, ఇంకొకరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు, ఈమెకి ఇది. చేపలమ్మే నిమాయ్‌దా ఏ చేప కావాలో అడిగి, జవాబు వచ్చేలోపు తక్కెడ పళ్లెం కడుక్కునేవాడు. బస్సు కండక్టర్లు ఆమె దగ్గరికి ఆఖర్న వచ్చేవాళ్లు.

అన్ని మాటలకీ ఒకే ఆలస్యం కాదు. ఉప్పూ పప్పూ మాటలు రెప్ప రెండుసార్లు వాలేలోపు వచ్చేసేవి. పాట మాత్రం తాళం ఒక చుట్టు తిరిగాక వచ్చేది. గుండెల్లోంచి వచ్చే మాట ఎంత బరువుంటే అంత ఆలస్యమయ్యేది. తండ్రి గవరయ్య పోయినప్పుడు ఆమె శవం పక్కన కూర్చుని నోరు తెరిచి ఏడుస్తుంటే చప్పుడే లేదు. దినాలయిపోయి, చుట్టాలు రైళ్లెక్కి వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం ఆ ఏడుపు ఖాళీ గదిలో పడింది. ఆ వేళకి ఆమె రేషన్ షాపు ముందు నిలబడి ఉంది. మనిషి ఎక్కడున్నా సరే, మాట అన్నచోటే పడుతుంది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి, ఏడుపు అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, కళ్లు తుడుచుకుని వెళ్లారు.

శేషయ్యకి ఆమెతో పరిచయం ఆర్కెస్ట్రాలో. డాకులో పనిచేసే శ్రీకాకుళం వాళ్లు నలుగురూ కలిసి పెట్టుకున్న ఆర్కెస్ట్రా అది. అమ్మవారి పండగకి పిలిచేవాళ్లు, దుర్గాపూజ పందిళ్లకి పిలిచేవాళ్లు, బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లుల్లో విశ్వకర్మ పూజకైతే లారీ పంపించి మరీ తీసుకెళ్లేవాళ్లు. శేషయ్య కీబోర్డు వాయించేవాడు. ఫ్యాన్సీ మార్కెట్లో ఒక ఓడ కళాసీ దగ్గర కొన్న జపాన్ కీబోర్డు. వాయించింది వాయించినట్టు లోపల దాచుకుని, మీట నొక్కితే మళ్లీ తనే వాయించేది. అందుకే అందరూ అతన్ని మాస్టారూ అనేవాళ్లు.

అప్పలలక్ష్మి ఒక చుట్టు ముందే పాట ఎత్తుకునేది. ఇంకా వేణువు బిట్టు నడుస్తుండగానే ఆమె పెదాలు కదిలేవి. పల్లవి జనానికి వినబడేసరికి ఆమె చరణంలో ఉండేది. పాట ఆఖరి మాటలు మైకులో మోగుతుంటే ఆమె కుర్చీలో కూర్చుని గ్లాసెత్తి మంచినీళ్లు తాగుతూ ఉండేది. బరువైన చోట్ల మాత్రం గొంతు ఒక చుట్టు మీద ఇంకాస్త ఆగేది. ఎంత ఆగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. శేషయ్య అక్కడ ఒక స్వరం మీద వేలు పెట్టి, ఆమె వచ్చేదాకా సాగదీస్తూ కూర్చునేవాడు. తబలా వాడు గాల్లో చెయ్యి ఆపి చూసేవాడు. గొంతు వచ్చి ఆ స్వరం మీద వాలగానే అందరూ ఒక్కసారి కదిలేవాళ్లు. మిల్లు కూలీలు కొందరు ఆ ఒక్క క్షణం కోసమే వచ్చి ముందు వరసలో కూర్చునేవారు.

ఆ తర్వాత పెన్‌డ్రైవుల్లో ట్రాకులొచ్చాయి. ట్రాకు ఎవరికోసమూ ఆగదు. పందిళ్ల వాళ్లు ఇద్దరు కుర్రాళ్లనీ ఒక స్పీకరునీ పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఆర్కెస్ట్రా ఎప్పుడు ఆగిపోయిందో కూడా ఎవరూ గమనించలేదు. అప్పటికే శేషయ్యకి పెళ్లయింది, కూతురు ఇంద్రజ బడికి వెళ్తోంది. అప్పలలక్ష్మికి సంబంధాలు రెండు మూడు వచ్చి, ఆమె జవాబు వచ్చేలోపే వెనక్కి తిరిగిపోయాయి. ఆమె తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. శేషయ్య భార్య అన్నపూర్ణమ్మ జబ్బుచేసి చనిపోయిన ఏడు, ఏమీ మాట్లాడకుండా వచ్చి వంట చేసిపెట్టి వెళ్లిన మనిషి అప్పలలక్ష్మి. ఆ మరుసటి ఆదివారం శేషయ్య మొదటిసారి కచోరీల పొట్లంతో ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

మొన్న చలికాలం మొదట్లో ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. మిరియాల కషాయాలయ్యాయి, డాకు డిస్పెన్సరీ మాత్రలయ్యాయి. ఆఖరికి పెద్దాసుపత్రిలో చూసి, స్వరపేటిక తీసెయ్యాలన్నారు. తీస్తే ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు. అప్పలలక్ష్మి తల ఊపింది. తమ్ముడి భార్య పుష్పరాణి డాక్టరు గది బయట గోడకానుకుని ఏడుస్తుంటే, ఆమే బాటిల్ మూత తీసి నీళ్లు తాగించింది.

ఆ నెల్లోనే ఇంద్రజకి న్యూటౌన్ ఆఫీసు నుంచి పూణేకి బదిలీ అయింది. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన గడువు కూడా దగ్గరపడింది. నాన్న తనతో రావడం ఇంద్రజకి అడగాల్సిన విషయంగా తోచలేదు, శేషయ్యకి కాదనాల్సిన విషయంగా తోచలేదు. సామాన్లు సర్దుతూ అతను అటక మీంచి కీబోర్డు దించి ప్లగ్గు పెట్టాడు. లోపలి బ్యాటరీ అయిపోవస్తోందని దాని చిన్న తెర మీద అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. అది అయిపోతే లోపల దాచిన పాటలన్నీ పోతాయి. అవి ఆర్కెస్ట్రా పాటలు కావు. అప్పలలక్ష్మి మాటలు కడితే తను బాణీ కట్టి, ఆమె కోసం వాయించి దాచినవి. ఎవరి ముందూ పాడకుండానే మిగిలిపోయినవి.

ఇంద్రజకి ఇంట్లో కంప్యూటర్ మీద పాటలు కట్టడం సరదా. విషయం విని, కీబోర్డుని కంప్యూటర్‌కి కలిపి పాటలన్నీ అందులోకి ఎక్కించేద్దామంది. ఆపరేషన్‌లోపు అప్పలలక్ష్మి అత్త చేత ఒక్కటైనా పాడిద్దాం నాన్నా అంది.

ఆపరేషన్ ఆ వారంలో ఉందనగా ఆదివారం, తండ్రీ కూతుళ్లు కీబోర్డుని క్యాబ్‌లో పడుకోబెట్టుకుని వాట్‌గంజ్ వచ్చారు. ముందు గదిలో మంచం గోడకి జరిపి, బల్ల మీద కీబోర్డు, దాని పక్కన ల్యాప్‌టాప్, రెండింటి మధ్యా అగ్గిపెట్టెకి పెద్దన్నలాంటి ఒక డబ్బా, ముందు ఒక మైకు పెట్టారు. డబ్బాలోంచి కీబోర్డు వీపులోకి గుండ్రటి మూతి ఉన్న మిడి తీగలు రెండు. ఆ తీగలోంచి పాట పారదని ఇంద్రజ చెప్పింది. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఆ కబురు మాత్రమే పారుతుంది. కబురు అందుకున్న వాళ్లు దాన్నిబట్టి మళ్లీ వాయించుకోవాలి. పుష్పరాణి ఇదంతా విని, మా ఊరి నుంచి చావు కబుర్లు కూడా ఇలాగే వస్తాయి, ఇక్కడ మేము కొత్తగా ఏడుస్తాం అంది.

మొదట కంప్యూటర్‌లోకి ఏమీ రాలేదు. శేషయ్య తీగల్ని పెట్టిన చోటు ఇంద్రజ వంగి చూసింది.

"ఇన్‌లోది ఇన్‌లోనే పెట్టావు నాన్నా. ఒకరు చెప్తే ఇంకొకరు వినాలి కదా. ఇప్పుడు రెండూ వింటూ కూర్చున్నాయి."

తీగలు మార్చాక ల్యాప్‌టాప్ తెర మీద ఒక పచ్చ దీపం వెలిగింది. ఇంద్రజ మీట నొక్కగానే కీబోర్డు తనంతట తను పాట ఎత్తుకుంది. పాతికేళ్ల కిందటి శేషయ్య వేళ్లు అవి. ఇప్పటి వేళ్లకంటే చురుగ్గా ఉన్నాయి. తెర మీద ఒక్కో స్వరమూ చిన్న గీతలా పడుతుంటే అతను కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు. అంతా బాగానే ఉంది, పాట మాత్రం పరిగెడుతోంది. ఎక్కడా ఆగడం లేదు. చరణంలో ఆమె కోసం తను సాగదీసి కూర్చున్న చోట్లన్నీ మాయమైపోయాయి. అప్పలలక్ష్మి మంచం మీంచి చెయ్యెత్తింది. కాసేపటికి ఆమె మాట వచ్చింది, బొంగురుగా. "నేనెక్కడ దూరాల?"

ఇంద్రజ రెండుసార్లు ఏవేవో మార్చి చూసింది. మళ్లీ అంతే. గోళ్లు కొరుకుతూ కాసేపు తెర వంకే చూసి, అప్పుడు తట్టినట్టు తల పైకెత్తింది. కాలం ఎవరు లెక్కపెడుతున్నారన్నదే ఇక్కడ చిక్కు. ఇప్పుడు కంప్యూటర్ లెక్కపెడుతోంది, కీబోర్డు దాని వెనక నడుస్తోంది. కంప్యూటర్ లెక్క ఎప్పుడూ ఒక్కటే, అందుకని కీబోర్డు తను ఆగే చోట్లన్నీ మర్చిపోయింది. తిప్పి పెట్టాలి. ముసల్ది నడవాలి, కొత్తది దాని వెనక రావాలి.

ఆమె సాఫ్ట్‌వేర్‌లో బయటి లెక్కకి లోబడేలా ఏదో మార్చి, ఈసారి మీటని కీబోర్డు మీదే నొక్కమంది. శేషయ్య నొక్కాడు. పాట మొదలైంది, కంప్యూటర్ దాని వెంట కదిలింది. చరణం దగ్గరికొచ్చేసరికి కీబోర్డు ఒక స్వరం మీద ఆగింది. తెర మీద గీత సాగుతూ, సాగుతూ ఉండిపోయింది. కంప్యూటర్ కూడా ఆగి చూస్తున్నట్టు నిలబడింది. డాకులో ఎక్కడో ఒక ఓడ కూత పెట్టి ఊరుకుంది.

అప్పలలక్ష్మి లేచి వచ్చి మైకు ముందు కూర్చుంది.

ఆమె గొంతుకి ఒక్కసారి పాడే ఓపిక మాత్రమే ఉంది. వేణువు బిట్టులోనే పెదాలు విప్పింది. తాళం ఒక చుట్టు తిరిగింది.

"లాకు గేట్లు తెరిసినారు, ఓడ కదిలి పోతన్నాది,
ఒడ్డు మీద నిలిసి ఉండి సెయ్యి నేను ఊపలేదు,
ఊపితేను పోయినట్టే, ఊపకుంటె ఉన్నట్టే."

గొంతు గరుగ్గా, చిరిగిన గుడ్డలా ఉంది. అయినా ఆగాల్సిన చోట ఆగింది, రావాల్సిన చోటికి వచ్చి వాలింది. శేషయ్య వేళ్లు కీబోర్డు మీద లేవు, ఒళ్లో ఉన్నాయి. ఒళ్లోనే అవి పాత స్వరాన్ని నొక్కిపట్టి, ఆమె వచ్చాక వదిలాయి.

అయ్యాక ఇంద్రజ ఆమె గొంతు ఉన్న పట్టీని తెర మీద వేలితో పట్టుకుని ఒక చుట్టు వెనక్కి జరిపింది. కంప్యూటర్‌లో అది కష్టమే కాదు. ఇప్పుడు ఆమె పాడిన వేళకే ఆమె గొంతు వినబడుతుంది. హెడ్‌ఫోన్ ఆమె చెవులకి పెట్టి వినిపించింది. పుట్టిన ఇన్నేళ్లలో అప్పలలక్ష్మి తన గొంతు వేళకి రావడం వినలేదు. కళ్లు పెద్దవి చేసి సగం దాకా విని, హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని పెదాలు కదిపింది. అందరూ ఎదురుచూశారు.

"బాగానే పాడింది. కానీ ఈమెవలో నాకు తెల్దు. ఎనకాలొచ్చేదే ఉంచీయమ్మా."

ఇంద్రజ పట్టీని మళ్లీ ముందుకు జరిపింది.

సాయంత్రం ఎండ పల్చబడ్డాక, డాకులోకి పెద్ద ఓడ ఏదో వస్తోందని పుష్పరాణి ఇంద్రజని మేడ మీదికి తీసుకెళ్లింది. ముందు గదిలో ఇద్దరే మిగిలారు. అప్పలలక్ష్మి టీ గ్లాసుతో మంచం చివర కూర్చుంది. మిగతా పాటలు మళ్లీ వచ్చి ఎక్కించుకోవచ్చని కీబోర్డు అక్కడే ఉంచేద్దామనుకున్నారు. శేషయ్య మైకు తీగ చుట్టలు చుడుతున్నాడు. చుడుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"లచ్చిమీ, నన్ను పూణే వెళ్లిపోమంటావా, ఉండిపోమంటావా?"

అడిగేశాక తీగ మీద ముడి ఏదో పడితే దాన్ని విప్పుతూ ఉండిపోయాడు. తల ఎత్తేసరికి ఆమె పెదాలు అప్పుడే మూసుకుంటున్నాయి. ఆర్కెస్ట్రాలో ఎన్నో రాత్రులు ఆ పెదాల్ని చూసే వాయించినవాడు. చూసుంటే తెలిసిపోయేది. చూడలేదు. రెప్పలు వాలి లేచాయి, మాట రాలేదు. టీ చల్లారింది, రాలేదు. మేడ మీంచి వాళ్లిద్దరూ దిగొచ్చారు. బరువైన మాటన్నమాట. ఉండమన్నా బరువే, పొమ్మన్నా బరువే. వంతెన మీద బస్సులో శేషయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కూతురు పూణేలో చూసిన ఇంటి గురించి చెబుతుంటే ఊఁ కొట్టాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. లోపలికి వెళ్లనిచ్చిన రోజున అప్పలలక్ష్మి మెడకి కట్టుతో, దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. శేషయ్యని చూడగానే తన నోటి మీద వేలు పెట్టి, తర్వాత అతని చెవి వైపు చూపించింది. వచ్చిందా అని. అతను లేదన్నట్టు తల తిప్పాడు. మళ్లీ ఒకసారి పెదాలతో చెప్పు, ఈసారి చూస్తానని బతిమాలాడు. ఆమె కాసేపు అతన్ని చూసి, ఒకసారి అన్నాను కదా అన్నట్టు చెయ్యి తిప్పేసి, కిటికీలో కాకుల్ని చూస్తూ కూర్చుంది.

క్వార్టరు ఖాళీ అయిపోయింది. మంచాలు అమ్మేశారు, గిన్నెలు పెట్టెలకెక్కాయి. ఇంద్రజ ముందే పూణే వెళ్లి ఇల్లు సర్దుకుంటోంది. శేషయ్యకి ఆ శనివారం రైలు. దానికి ముందు రోజు కీబోర్డు తెచ్చుకోవడానికి వాట్‌గంజ్ వెళ్లాడు. అప్పలలక్ష్మి ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. పుష్పరాణి వంటింట్లో చేపలు వేయిస్తోంది. అతను ముందు గదిలో కూర్చుని ఒక్కో తీగా ఊడదీసి దుమ్ము తుడుస్తున్నాడు. మిడి తీగ మూతి కీబోర్డు వీపులో బిగుసుకుపోయి రానంటోంది. దాన్ని అటూ ఇటూ కదుపుతుండగా, మంచం చివర, ఆ ఆదివారం ఆమె కూర్చున్న చోట మాట పడింది.

"ఎల్లకు మాస్టారూ. ఈ వారం దాటితే నాకు మాటుండదు. మాట రానోల్ల పక్కన కూకోడం నీకలవాటే కదా. కొత్తోల్లకి నేన్నేర్పలేను."

పుష్పరాణి అట్లకాడతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చివరి మాట దాకా వింది. "వదిన మాటొచ్చీసింది" అని, చేపలు మాడిపోతాయని లోపలికి వెళ్లిపోయింది. లోపల్నుంచే, అన్నం ఇద్దరికీ వండినాను, తిని ఎల్దువుగాని అంది.

శేషయ్య తీగని వదిలేశాడు. ఇంద్రజకి ఫోన్ చేశాడు. తను రావడం లేదని చెప్పి, ఎందుకో చెప్పాడు. అవతల్నుంచి ఇంద్రజ, బీపీ మాత్రలు వేళకి వేసుకోమని ఎవరు చెప్తారు నాన్నా అని అడిగింది. లచ్చిమి చెప్తుందన్నాడు. ఆవిడకి మాట లేదు కదా అంది. అవును కదా అన్నాడు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నవ్వాక ఇంద్రజ కాస్త ఏడ్చింది కూడా, కానీ టికెట్టు తనే రద్దు చేస్తానంది. మిగతా పాటలు ఎలా ఎక్కించాలో వీడియో కాల్‌లో చెప్తానంది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో విజిటర్ల వేళకి అందరికంటే ముందు నిలబడ్డాడు శేషయ్య. మంచం దగ్గరికి వెళ్లి, "వచ్చింది" అన్నాడు. అప్పలలక్ష్మి కళ్లు మూసుకుని తల దిండుకి ఆనించింది. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గంట కొట్టి బయటికి పంపించేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

ఫాల్గుణంలో కాళీఘాట్ గుడిలో దండలు మార్చుకున్నారు. ఇంద్రజ సెలవు పెట్టుకుని వచ్చింది. అదే ఇంటి మేడ మీది గదిలో కాపురం. వంటకీ కబుర్లకీ కిందే. కీబోర్డు ముందు గదిలోనే ఉంది. దాని బ్యాటరీ మార్చారు. పాటలన్నీ కంప్యూటర్‌లోకి చేరాయి. పొద్దున్నే శేషయ్య వాయిస్తుంటే ఆమె మెడకి పల్చటి నూలుగుడ్డ కట్టుకుని, పక్కన కూర్చుని, వేలితో తాళం వేస్తుంది. ఎక్కడ ఆగాలో అక్కడ వేలు పైకెత్తి ఉంచుతుంది.

ఆ ఇంట్లో ఆమె మాటలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒంటరిగా ఉన్నప్పుడు గోడలతో అన్నవి, దేవుడితో అన్నవి, ఎవరూ వినరనుకుని అన్నవి. బరువైనవన్నీ ఇప్పుడొస్తున్నాయి. గొంతు ఈడునిబట్టి అది ఎప్పటి మాటో ఇంట్లోవాళ్లు పోల్చుకుంటారు. తండ్రి కోసం మొక్కుకున్న మొక్కు ఒకటి వచ్చింది. తమ్ముడి మీద కోపం ఒకటి వచ్చింది. అతను నవ్వి, ఇప్పుడైనా క్షమించు అక్కా అన్నాడు.

మొన్నొక మధ్యాహ్నం అప్పలలక్ష్మి నేల మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. శేషయ్య పేపరు చదువుతున్నాడు. కిటికీ పక్క మూలలోంచి ఒక గొంతు ఎత్తుకుంది. బొంగురు లేదు, గరుకు లేదు, పాతికేళ్ల పిల్ల గొంతు. "మాస్టారూ, నీకు సెప్పకూడదు గానీ" అని మొదలైంది.

అప్పలలక్ష్మి చేట వదిలేసి లేచింది. చెంపలు ఎర్రబడ్డాయి. గబగబా వెళ్లి, ఆ చప్పుడులో మాట కలిసిపోతుందని పెరటి కొళాయి మొత్తం తిప్పేసింది. కానీ ఆ వేళకి వాట్‌గంజ్‌లో నీళ్లు రావు. కొళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. శేషయ్య పేపరు మడిచి పక్కన పెట్టి, చివరి మాట దాకా విన్నాడు.